జేబు లాప్‌టాప్ కొనేముందు

అమ్మలూ,

జేబులో పట్టే లాప్‌టాప్ కొనాలనుకుంటున్నానని, ఏది తీసుకోమంటావని అడిగావు. నువ్వు పంపిన మూడు మెషిన్ల వివరాలూ చదివాను. మూడింట్లోనూ ప్రాసెసర్ పేరు కింద, ర్యామ్ కింద గీతలు గీశావు. నేనైతే ఆ రెండూ చివర చూస్తాను. ముందు చూసేది వెడల్పు, అదీ మిల్లీమీటర్లలో.

మామూలు కీబోర్డులో ఒక కీ నడిమి నుంచి పక్క కీ నడిమికి సుమారు 19 మిల్లీమీటర్లు ఉంటుంది. మన వేళ్లు ఏళ్ల తరబడి ఆ దూరానికే అలవాటు పడ్డాయి. 8 అంగుళాల తెర ఉన్న మెషిన్ వెడల్పు అంచులతో కలిపి సుమారు 200 మిల్లీమీటర్లే. ఒక వరుసలో 14 కీలు పెట్టాలంటే 266 కావాలి. లేని 66 ఎక్కడి నుంచి వస్తాయి? ముందు అక్షరాల కీలను కాస్త కుదిస్తారు. అదీ చాలదు కాబట్టి అంచున ఉన్న కీలను సగానికి కోస్తారు, పై వరుసలోకి తోస్తారు, లేకపోతే ఎఫ్ఎన్ కీ (ఇంకో కీతో కలిపి నొక్కితే దాని రెండో పని చేయించే కీ) చాటున దాస్తారు.

కీలు చిన్నవైనా ఫరవాలేదు, వారం రోజుల్లో వేళ్లు సర్దుకుంటాయి. చోటు మారిన కీలకు మాత్రం అంత తొందరగా అలవాటు పడలేం. నువ్వు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో తెలుగు కొడతావు కదా, అందులో చ సెమికోలన్ మీద, ట కొటేషన్ గుర్తు మీద, డ [ బ్రాకెట్ మీద ఉంటాయి. చిన్న మెషిన్లలో ముందుగా వేటు పడేది సరిగ్గా ఈ కీల మీదే. ఇంగ్లీషులో ఎప్పుడో ఒకసారి వాడే గుర్తులు అవి, మనకేమో మాటిమాటికీ కావాలి. అందుకే స్పెసిఫికేషన్లు పక్కన పెట్టి, కీబోర్డు ఫొటో పెద్దది చేసి ఆ మూడు కీలూ ఎక్కడున్నాయో వెతుకు.

పవర్ బటన్ ఎక్కడుందో కూడా చూడు. ఒకసారి అర్ధరాత్రి సర్వర్ల గదిలో నిలబడి, ఎడమ చేత్తో మెషిన్ పట్టుకుని, కుడి చేత్తో కమాండ్ కొడుతున్నాను. ఆ మెషిన్‌లో పవర్ బటన్ డిలీట్ కీకి ఆనుకునే ఉంది. తప్పు అక్షరం చెరపబోతే మెషిన్ నిద్రలోకి వెళ్లిపోయింది, కనెక్షన్ తెగింది, నడుస్తున్న పని సగంలో ఆగింది. దాన్ని సరిచేయడానికి ఇంకో గంటన్నర పట్టింది. ఆ రోజు పడ్డ టెన్షన్ నువ్వు పడకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నీకు కావలసింది తెర తిరిగే రకం. అందులో రెండు దారులున్నాయి. మొదటిది, తెరను వెనక్కి పూర్తిగా మడిచేది. రెండు మడతబందులు ఉంటాయి కాబట్టి తెర గట్టిగా నిలుస్తుంది. కానీ టాబ్లెట్‌లా పట్టుకున్నప్పుడు కీబోర్డు కిందికి వస్తుంది. కీలు పనిచేయకుండా సాఫ్ట్‌వేర్ ఆపేస్తుంది, అయినా నీ వేళ్లకు అవి తగులుతూనే ఉంటాయి. టేబుల్ మీద పెడితే కీల మీదే బరువు. రెండోది, నడిమి ఒకే ఇరుసు మీద తెరను తిప్పి, కీబోర్డు మీదకు మూసేది. 2007లో ఫుజిట్సు యు810 అనే చిన్న లాప్‌టాప్ ఇలాగే వచ్చింది, దాని తెర 5.6 అంగుళాలే. 2021లో జీపీడీ అనే కంపెనీ తెచ్చిన పాకెట్ 3 కూడా అదే దారి పట్టింది. ఇందులో కీబోర్డు భద్రంగా ఉంటుంది, పట్టు బాగుంటుంది. కానీ తెర మొత్తం ఒక్క ఇరుసు మీద నిలబడాలి, వైర్లన్నీ ఆ సన్నని దారిలోంచే మెలితిరుగుతూ వెళ్లాలి. తెరను మూలల్లో పట్టి తిప్పకు, ఎప్పుడూ నడిమే పట్టుకో.

లాప్‌టాప్‌లా వాడేటప్పుడు టచ్ మీద మరీ ఆశ పెట్టుకోకు. కింది భాగం తేలిక కాబట్టి, తెర పై అంచున వేలు నొక్కితే మెషిన్ వెనక్కి ఒరుగుతుంది. ఈ చిక్కును నేను చూసినంతలో అందరికంటే అందంగా విప్పింది 1997 నాటి సైయన్ సిరీస్ 5 అనే జేబు కంప్యూటర్. మార్టిన్ రిడిఫర్డ్ రూపకల్పన అది. మూత తెరిస్తే కీబోర్డు ముందుకు జారుతుంది, తెర దాని వెనక ఆనుకుని కూర్చుంటుంది. వేలితో నొక్కినా పడదు.  అలాంటి ఆలోచన చేసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

తెర గురించి ఒక్క లెక్క చెబుతాను. 8 అంగుళాల్లో 1920×1200 చుక్కలు (పిక్సెళ్లు) అంటే అంగుళానికి దాదాపు 283. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, కానీ చదవాలంటే పెద్దవి చేయాలి. 200 శాతం చేస్తే మిగిలే చోటు 960×600కి సమానం. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఓకే బటన్ తెర కిందికి పోయి కనబడదు. 150 శాతం పెడితే 1280×800 దక్కుతుంది, నీ కళ్లకు అది చాలు. మన వత్తులకు, గుణింతాలకు ఇంగ్లీషు కంటే ఎక్కువ ఎత్తు కావాలి కాబట్టి తెలుగు పేజీ ఒకటి తెరిచి చదివాకే నిర్ణయించుకో. ఇంకో మాట: ఈ మెషిన్లలో కొన్నింటికి టాబ్లెట్ల కోసం చేసిన నిలువు తెరలు వాడతారు. స్టార్ట్ అయ్యేటప్పుడు బయోస్ (విండోస్ లాంటివి రాకముందు కనిపించే మెషిన్ సొంత తెర) పక్కకు తిరిగి కనిపిస్తే పాడైందని కంగారు పడకు.

బ్యాటరీ సంగతి సూటిగా చెప్తాను. 38 వాట్-అవర్ల బ్యాటరీ, సగటున 8 వాట్లు తాగే పని అనుకుంటే అయిదు గంటలు కూడా రాదు. శక్తిమంతమైన ప్రాసెసర్ తీసుకుంటే ఇంకా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, చిన్న ఫ్యాన్ వేగంగా తిరిగి సన్నగా ఈల వేస్తుంది. నువ్వు గీత గీసిన ఆ ప్రాసెసర్ నీకు అక్కర్లేదని అందుకే అంటున్నాను. నీ పని ప్యానెల్ ముందు నిలబడి, కేబుల్ గుచ్చి, నాలుగు సెట్టింగులు మార్చి రావడం. దానికి సీరియల్ పోర్టు (పాత తరహా పరికరాలకు కేబుల్ గుచ్చేది), ఈథర్‌నెట్ పోర్టు (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చేది) ముఖ్యం. 2019లో వచ్చిన జీపీడీ మైక్రోపీసీలో రెండూ ఉన్నాయి, తెర మాత్రం తిరగదు. పాకెట్ 3లో వెనక పోర్టును విప్పి సీరియల్ పోర్టు పెట్టుకోవచ్చు. టచ్‌ప్యాడ్ కుడి పైమూలన, క్లిక్ బటన్లు ఎడమ పైమూలన ఉంటాయి, నిలబడి రెండు చేతులతో పట్టుకుంటే బొటనవేళ్లకు అందుతాయి. టేబుల్ మీద కూర్చుంటే అదే అమరిక విసుగు. నువ్వు ఎక్కువగా నిలబడే వాడతావు కాబట్టి నాకు అదే నచ్చింది.

ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేవు. 16 జీబీ తీసుకో. స్టోరేజ్ మార్చుకునేలా ఉన్నది చూసుకో.

బరువు కూడా ఆలోచించు. 1996 నాటి చిన్న లాప్‌టాప్ తోషిబా లిబ్రెట్టో 20 సుమారు 840 గ్రాములు. పాతికేళ్ల తర్వాత వచ్చిన పాకెట్ 3 సుమారు 725. చిప్పులు ఎంత చిన్నవైనా మన చేతులు చిన్నవి కాలేదు. ఇది చొక్కా జేబులో పట్టేది కాదు, కోటు జేబులోనో చేతిసంచిలోనో పెట్టుకోవలసిందే.

అందుకని ఒక పని చెయ్యి. 20 సెంటీమీటర్లు వెడల్పు, 14 సెంటీమీటర్లు ఎత్తు ఉండే పుస్తకం ఏదైనా తీసుకుని, ముప్పావు కిలో బరువు వచ్చేలా ఇంకేదైనా జత కట్టి, వారం రోజులు డ్యూటీకి వెంట తీసుకెళ్లు. నిలబడి ఒక చేత్తో పది నిమిషాలు పట్టుకుని చూడు. ఆ తర్వాత ఆదివారం ఇంటికి రా. నా 8 అంగుళాల మెషిన్ చార్జింగ్ పెట్టి ఉంచుతాను. నీ కేబుల్ తెచ్చుకో, నువ్వు రోజూ చేసే పనే దాని మీద ఒకసారి చేసి చూద్దువుగాని.

మీ మావయ్య