ఇంట్లో పోసిన నారు సన్నగా సాగి వాలిపోతుంటే

ఒంగోలులో కిటికీ పక్కన పోసిన టమాటా, వంగ నారు పొడుగ్గా సాగి పడిపోతోంది, ఏ మందు వేయాలి అని అడిగారు కదండీ. మందు వద్దు. యూరియా అయితే చిటికెడు కూడా వద్దు, నత్రజని ఎక్కువైతే కాడ ఇంకా మెత్తబడుతుంది. మీ నారుకు చాలనిది వెలుతురు.

మాది కావలి. అక్టోబరు, నవంబరు వానలకు మేడ మీద నారు నిలవదు, అందుకే నేనూ ఇంట్లోనే పోస్తాను. ఆ ముసురు రోజుల్లో కిటికీ దగ్గర వెలుతురు మన కంటికి బాగానే ఉన్నట్టుంటుంది, మొక్కకు మాత్రం సరిపోదు. దాన్ని వెతుక్కుంటూ కాడ సాగుతుంది.

నేను బల్ల మీద ట్రేలు పెట్టి, వాటిపైన 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ ట్యూబ్‌లైట్లు రెండు పక్కపక్కనే వేలాడదీశాను. నారు తలకూ లైటుకూ మధ్య బెత్తెడు ఎడం చాలు. తాడుతో కడితే మొక్క పెరిగేకొద్దీ పైకి లాక్కోవచ్చు. రోజుకు 14 నుంచి 16 గంటలు వెలగనిచ్చి రాత్రి ఆపేయండి. గోడకున్న లైటు ఎంత వెలిగినా లాభం లేదు, దూరం పెరిగితే బలం పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం మొలిచిన మొదటి రోజు. తేమ కోసం ట్రే మీద కవరు కప్పుతాం కదా, ఒక్క మొలక తలెత్తినా కవరు తీసేసి లైటు వేయండి. మిగతావీ రానీ అని ఆగితే ముందు మొలిచినవి చీకట్లోనే సాగిపోతాయి. సాగిన కాడ మళ్లీ పొట్టిపడదు.

గుంటకు ఒక్క మొక్కే ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించండి, పీకితే పక్కదాని వేరు కదులుతుంది. చిన్న ఫ్యాను మెల్లగా రోజుకు కొన్ని గంటలు తిరగాలి. ఆ ఊపుకు కాడ లావెక్కుతుంది, నేల పైభాగం ఆరి నారుకుళ్లు కూడా తగ్గుతుంది. నీళ్లు ట్రే అడుగు నుంచి పట్టించండి, పైన పొడిబారాకే మళ్లీ పోయండి.

ఇప్పుడున్న టమాటా నారు పారేయకండి. కాడకు కూడా వేళ్లు పుడతాయి కాబట్టి మొదటి ఆకుల దాకా లోతుగా నాటితే నిలబడుతుంది. వంగకు అలా కుదరదు, మళ్లీ పోసుకోవడమే మేలు. నాటే ముందు వారం రోజులు ఎండకు కొంచెం కొంచెంగా అలవాటు చేయండి, మొదట పొద్దుటి ఎండ గంటసేపు చాలు.