లాంగ్ వీకెండ్, వెయింగ్ మెషీన్, నేను

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: నాలుగు నెలలుగా జిమ్ మానకుండా ఐదు కిలోలు తగ్గారు. ఇప్పుడు శని, ఆది, సోమ వరుసగా సెలవులు, బంధువులింటికి వెళ్లాలి. అక్కడ జిమ్ ఉండదు, తిండి మీ చేతిలో ఉండదు. పడిన కష్టమంతా ఈ మూడు రోజుల్లో పోతుందేమోనని టెన్షన్.

పోదు. కానీ ఆ టెన్షన్ వల్ల పోవచ్చు. నాకు అలాగే పోయింది, అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

మూడేళ్ల కిందట నేనూ ఇలాంటి సెలవులకే వెళ్లొచ్చాను. మంగళవారం పొద్దున్నే వెయింగ్ మెషీన్ ఎక్కితే, శుక్రవారం 78.4 చూపించింది కాస్తా 80.7 చూపించింది. దిగి, మెషీన్‌ని పక్క టైలు మీదికి జరిపి మళ్లీ ఎక్కాను. అంతే ఉంది. చేతి గడియారం తీసి ఎక్కాను. మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ కోపంలో టిఫిన్ మానేశాను, మధ్యాహ్నం భోజనం మానేశాను. సాయంత్రం జిమ్‌లో రెండు గంటలు ఉన్నాను, రోజూ మూడు సెట్లు చేసే స్క్వాట్లు (గుంజీళ్ల లాంటివి) ఎనిమిది సెట్లు చేశాను. గురువారం పొద్దున మెట్లు దిగాలంటే రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి దిగాను. అలవాటు లేనంత వ్యాయామం చేస్తే వచ్చే ఆ నొప్పులు మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్యలో బాగా పెరుగుతాయి. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ వారం జిమ్ లేదు. కడుపు మాడ్చుకున్నందుకు రాత్రిళ్లు వంటింట్లో చేతికందింది తిన్నాను. ఇక నిండా మునిగినవాడికి చలేంటి అనుకున్నాను. అలా ఐదు వారాలు గడిచిపోయాయి. మూడు రోజుల సెలవులకి ఐదు వారాలు!

ఇంతకీ ఆ 2.3 కిలోలు ఏమిటి? ఒక కిలో కొవ్వు పెరగాలంటే ఖర్చయ్యే దానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలని మామూలుగా వేసే లెక్క. 2.3 కిలోలకి 17,700 పైచిలుకు. అంటే మూడు రోజులూ రోజుకి దాదాపు 6,000 కేలరీలు, అదీ మామూలు తిండికి అదనంగా. నేను తిండిపోతునే కానీ అంత కాదు. పెరిగిందాంట్లో ఎక్కువ భాగం నీళ్లు. మనం తిన్న పిండిపదార్థాన్ని ఒంట్లో కండరాలు, కాలేయం గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు చేరుతుంది. ఇన్నాళ్లూ తక్కువ తిని, వ్యాయామం చేసి ఆ నిల్వ తగ్గించుకున్నవాళ్లకి మూడు పూటల విందులో అది నిండిపోతుంది. దాంతోనే కిలోకి పైగా తేడా రావచ్చు. దీనికి తోడు ఉప్పు ఎక్కువ తింటే ఒళ్లు ఇంకాస్త నీరు పట్టి ఉంచుతుంది. పొట్టలో ఇంకా అరగని తిండి బరువు వేరే. మామూలు తిండికి వచ్చాక నాలుగైదు రోజుల్లో చాలావరకు దానంతటదే దిగిపోతుంది.

కండ, బలం గురించి అసలు బెంగ పెట్టుకోకండి. మూడు రోజులకి ఏమీ కాదు. వ్యాయామం పూర్తిగా ఆపేసినా బలం రెండు మూడు వారాల దాకా పెద్దగా తగ్గదు, ఆయాసం తట్టుకునే శక్తి తగ్గడం కాస్త ముందు మొదలవుతుంది. వారం పొడవునా బరువులెత్తినవాళ్లకి ఆ మూడు రోజులు విశ్రాంతిగానూ పనికొస్తాయి.

అలాగని ఏం తిన్నా ఫర్వాలేదని చెప్పడం లేదు. 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. ఏడాది చివరి పండగల కాలంలో జనం సగటున అరకిలో కూడా పెరగలేదు. కానీ పెరిగిన ఆ కాస్తా తర్వాతి నెలల్లో తగ్గలేదు. నాకు అందులో ముఖ్యంగా కనిపించింది ఆ రెండో మాటే. పెరగడం కొంచెమే, దించుకోకపోవడంతోనే చిక్కు.

ఇక నేను ఇప్పుడు ఏం చేస్తానంటే, వెళ్లే ముందే ఒక కనీసం పెట్టుకుంటాను. ఆ మూడు రోజుల్లో తగ్గాలన్న ఆశ ఉండదు, ఉన్నది నిలబడితే చాలు. నా కనీసం: పొద్దున ఎవరూ లేవకముందు పదిహేను నిమిషాలు, రాత్రి భోజనం తర్వాత నడక. అంతే. పోయినసారి హాల్లో వరసగా పరుపులు వేసి పిల్లలు పడుకున్నారు. రెండు పరుపుల మధ్య జానెడు సందులో చేతులు ఆనించి పుషప్‌లు చేస్తుంటే, మేనల్లుడు దుప్పట్లోంచి ఒక కన్ను తెరిచి చూసి, "మామయ్యా, ఏమైనా పోయిందా, వెతుకుతున్నావా?" అన్నాడు. స్క్వాట్లు, పుషప్‌లు, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా ఆపి ఉంచడం), మూడూ మూడు విడతలు చేస్తే చెమట పడుతుంది. సామాన్లేవీ అక్కర్లేదు. ఒక పూట అరగంట దొరకలేదా, పది పది నిమిషాలు చొప్పున చేసినా లెక్కలోకే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం (వేగంగా నడవడం లాంటిది) చెప్పింది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత నియమం కూడా తీసేసింది.

భోజనం తర్వాత నడకకి ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి. రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా అది ఉపయోగపడుతుంది, పైగా కూర్చుంటే ఎదురుగా మళ్లీ ఏదో ఒక పళ్లెం వచ్చి వాలుతుంది.

తిండి దగ్గర అసలు శత్రువు ఆకలి కాదు, మొహమాటం. "ఇంకొంచెం వేసుకో, ఏం తిన్నావని" అని గరిటె పట్టుకుని నిలబడితే "డైట్‌లో ఉన్నాను" అన్నారో, అయిపోయారు. అందరూ మీ డైట్ గురించే మాట్లాడతారు, సలహాలిస్తారు, చివరికి రెండు గరిటెలు ఎక్కువే పడతాయి. నేను ఆ మాటే ఎత్తను. మొదటిసారి తక్కువ వడ్డించుకుంటాను. మారు అడిగినప్పుడు ఆ వంటకం బాగుందని చెప్పి కొంచెం వేయించుకుంటాను. వాళ్లకి పెట్టామన్న తృప్తి, నాకు నా కొలత. ప్రోటీన్ ఉన్నవి, కూరగాయలు ముందు తింటే మిగతావాటికి చోటు దానంతటదే తగ్గుతుంది. తీపి మానను, ఇష్టమైనది ఒకటి ఎంచుకుని కూర్చుని తింటాను. అటూ ఇటూ నడుస్తూ నోట్లో వేసుకునేవాటికే లెక్క ఉండదు. కూల్‌డ్రింకులు మాత్రం పూర్తిగా పక్కన పెడతాను. 300 మిల్లీలీటర్ల తీపి కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల పంచదార ఉంటుంది, కడుపు నిండినట్టు కూడా అనిపించదు.

సాయంత్రం విందు ఉందని పగలంతా పస్తు ఉండకండి. ఆ తెలివి నేనూ చూపించాను, విందు దగ్గర రెండింతలు తిన్నాను. నిద్ర కూడా చూసుకోండి. కబుర్లతో రెండింటికి పడుకుంటే మర్నాడు ఆకలి మామూలుగా ఉండదు. షుగరో, బీపీయో ఉండి మందులు వాడుతుంటే తిండి వేళలు మార్చేముందు మీ డాక్టర్‌ని అడగండి.

ఏదో ఒక పూట ఎక్కువ తింటారు. తినండి. మర్నాటి పొద్దున మామూలు టిఫిన్, మామూలు పదిహేను నిమిషాలు. కాలు తడిసిందని ఏట్లో దూకక్కర్లేదు.

మంగళవారం జిమ్‌కి మీ మామూలు వేళకే వెళ్లండి, ఆ రోజుకి ఉన్నదే చేయండి. పరిహారంగా ఒక్క సెట్టు కూడా ఎక్కువ వద్దు. బరువు శుక్రవారం దాకా చూసుకోకండి. నాకు నా మీద నమ్మకం లేదు కనక, ఊరెళ్లేటప్పుడు అటక మీంచి సూట్‌కేసు దించి ఆ ఖాళీలో వెయింగ్ మెషీన్ పెట్టేస్తాను. నిచ్చెన వేసుకుంటే తప్ప అందదు. తిరిగొచ్చాక సూట్‌కేసు శుక్రవారం దాకా మంచం కిందే ఉంటుంది, ఇంట్లోవాళ్లు గొణుగుతూనే ఉంటారు.