అమెరికా ‘డిస్ట్రిక్ట్ జడ్జి’ మన జిల్లా జడ్జియేనా?

సందేహం: “జస్టిస్ కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ 1966లో న్యూయార్క్ దక్షిణ జిల్లా న్యాయమూర్తిగా నియమితులై, 1986లో పదవీ విరమణ చేశారు” అని ఒక వ్యాసంలో చదివాను. 2005లో చనిపోయేవరకు ఆమె జడ్జిగానే ఉన్నారని అదే వ్యాసం చివర ఉంది. ఈ రెండూ ఎలా పొసగుతాయి? ‘జిల్లా న్యాయమూర్తి’ అనడం సరేనా?

సమాధానం: ఈ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. అనువాదంలోనే దోషముంది. జస్టిస్, జిల్లా, పదవీ విరమణ అనే మూడు మాటలూ మనకు బాగా అలవాటైనవి కావడం వల్ల, చదువరి మనసులో అమెరికా కోర్టుకు బదులు మన జిల్లా కేంద్రంలోని కోర్టు మెదులుతుంది.

పక్కటెముక, పక్క అనే అర్థాలున్న అరబ్బీ మాట పారశీ, ఉర్దూల మీదుగా వచ్చి మనకు ‘జిల్లా’ అయింది. తెలుగులో అది కలెక్టరు, ఎస్పీ, జిల్లా పరిషత్తు ఉండే పాలనా విభాగానికి స్థిరపడిపోయింది. అమెరికా ఫెడరల్ కోర్టుల ‘డిస్ట్రిక్ట్’ పాలనా విభాగం కాదు, కోర్టు పరిధికి గీసిన హద్దు మాత్రమే. అలాంటివి అక్కడ 94 ఉన్నాయి. మోట్లీ పనిచేసిన కోర్టు పరిధిలో మన్‌హాటన్, బ్రాంక్స్‌తోపాటు ఉత్తరాన మరో ఆరు కౌంటీలున్నాయి. కౌంటీని కూడా మనవాళ్లు తరచు జిల్లా అనే రాస్తారు కనుక, ఆ లెక్కన ఒక ‘దక్షిణ జిల్లా’లో ఎనిమిది జిల్లాలు ఇమడాలి!

నియామకంలోనూ పోలిక లేదు. మన జిల్లా జడ్జిని హైకోర్టును సంప్రదించి గవర్నరు నియమిస్తారు. బదిలీలుంటాయి, వయోపరిమితి ఉంటుంది. అక్కడ అధ్యక్షుడు పేరు ప్రతిపాదించాలి, సెనేట్ ఆమోదించాలి. ఆపైన సత్ప్రవర్తన ఉన్నంతకాలం ఆ పదవికి గడువు లేదు. మిసిసిపీ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థి జేమ్స్ మెరెడిత్ ప్రవేశం కోసం పోరాడి, సుప్రీంకోర్టులో పది కేసులు వాదించి తొమ్మిది గెలిచిన మోట్లీని అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఇలాగే నియమించారు. ఫెడరల్ జడ్జి అయిన తొలి నల్లజాతి మహిళ ఆమె. అందుచేత ‘ఫెడరల్ ట్రయల్ కోర్టు జడ్జి’ అనడం మేలని నా అభిప్రాయం. కొందరు రాసే ‘కింది కోర్టు’ నాకు రుచించదు, ఎందుకంటే సాక్షుల మాటలు స్వయంగా విని, ఏది నిజమో మొదట తేల్చే చోటును ఆ మాట చిన్నబుచ్చుతుంది. ‘జస్టిస్’ మాత్రం ఇక్కడ తప్పే. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో ఆ బిరుదు సుప్రీంకోర్టు వారికే చెందుతుంది.

ఇక మీ అసలు చిక్కు. 1986లో 65 ఏళ్లు నిండిన మోట్లీ విరమించలేదు, ‘సీనియర్’ హోదా తీసుకున్నారు. తగినంత సర్వీసు ఉన్న జడ్జి ఆ హోదా తీసుకుంటే ఆ స్థానం ఖాళీ అయి కొత్తవారి నియామకానికి వీలవుతుంది. తాను మాత్రం జడ్జిగానే ఉంటూ తక్కువ కేసులు చూడవచ్చు. విరమణ అంటే మానుకోవడం, కాబట్టి పని మానని వారి విషయంలో ఆ మాట చెల్లదు. అలాగని ‘సీనియర్ జడ్జి’ అని ఊరుకున్నా ప్రమాదమే. మన దగ్గర సీనియర్ సివిల్ జడ్జి అంటే జిల్లా జడ్జికి కింది పదవి. పైకి వెళ్లిన మనిషిని ఒక మెట్టు దింపినట్టవుతుంది. హోదా పేరు చెప్పి, దాని అర్థాన్ని వాక్యంలోనే కలపడం ఒక్కటే దారి.

నేనైతే ఇలా రాస్తాను: “1966లో న్యూయార్క్ దక్షిణ ప్రాంత ఫెడరల్ ట్రయల్ కోర్టు జడ్జిగా నియమితులైన మోట్లీ, 1982లో ఆ కోర్టుకు ముఖ్య జడ్జి అయ్యారు; 1986లో పనిభారం తగ్గించుకునే వీలున్న సీనియర్ హోదా తీసుకుని, 2005లో కన్నుమూసేవరకు జడ్జిగానే కొనసాగారు.”