ఆకుపచ్చ చొక్కాల చరిత్ర రాస్తున్న యువ రచయిత్రికి

విశాఖపట్నం,
మహారాణిపేట.

చిరంజీవికి ఆశీస్సులు.

రుమేనియాలో రెండు ప్రపంచ యుద్ధాల నడుమ పుట్టి పెరిగిన, ఆకుపచ్చ చొక్కాలవాళ్ల లెజియన్ ఉద్యమం మీద నువ్వు రాసి పంపిన దీర్ఘవ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. తీవ్ర మితవాద జాతీయవాదాన్ని గురించి మన భాషలో రాసేవాళ్లు సాధారణంగా జర్మనీ దగ్గరే ఆగిపోతారు. విద్యార్థుల చేతుల్లో పుట్టి, విద్యార్థులతోనే పెరిగిన ఒక ఉద్యమాన్ని నువ్వు ఎంచుకోవడం నాకు నచ్చింది. నీ భాష నిండుగా ఉంది, చదివిన చదువు కనిపిస్తోంది. అయితే వ్యాసం కట్టుబడిలో ఒక పెద్ద లోపం ఉంది. దాన్ని సరిదిద్దుకోకపోతే మిగిలినదంతా ఎంత బాగా రాసినా నిలబడదు కాబట్టి, ఈ ఉత్తరమంతా దాని గురించే రాస్తున్నాను.

నీ వ్యాసం మొదటి సగంలో సేవ ఉంది, రెండో సగంలో హత్యలు ఉన్నాయి. ఆదర్శాలతో బయలుదేరిన కుర్రాళ్లు కాలక్రమేణా దారితప్పారన్న అభిప్రాయం ఆ అమరికలోంచి పాఠకుడికి అందుతుంది. ఆ ఉద్యమం తన గురించి తాను చెప్పుకున్న కథ కూడా దాదాపు ఇదే, హత్యలను మాత్రం ప్రభుత్వం తమ చేత చేయించిన ప్రతీకారాలని చెప్పుకుంటుంది. తేదీలను వరసగా పేర్చి చూడు, కథ వేరుగా కనిపిస్తుంది. 1922 డిసెంబర్ 10న రుమేనియా విద్యార్థి సంఘాలు సమ్మెకు దిగి, విశ్వవిద్యాలయాల్లో యూదు విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టాలని కోరాయి. 1923లో, యూదులకు పౌరసత్వం ఇచ్చిన కొత్త రాజ్యాంగం వచ్చిన ఏడాదిలోనే, యాష్ నగరంలో న్యాయశాస్త్రం చదివిన, తర్వాత ఈ ఉద్యమానికి నాయకుడైన కొర్నేలియు కొద్రెయాను, అతని మిత్రులు కొందరు రాజకీయ నాయకులనూ యూదు ప్రముఖులనూ చంపడానికి పథకం వేసి పట్టుబడ్డారు. వాళ్లను పెట్టిన జైలు ప్రార్థనామందిరంలో చూసిన మైకేల్ దేవదూత పటమే తర్వాత ఉద్యమానికి పేరైంది. 1924లో విడుదలై వచ్చి, విద్యార్థులకు భవనం కట్టాలని ఉంగేని అనే ఊరి దగ్గర స్వయంగా మట్టి తొక్కి ఇటుకలు చేశారు. అదే ఏడాది అక్టోబర్ 25న కొద్రెయాను యాష్ నగర పోలీసు అధికారి మాంచియును కోర్టు ఆవరణలో కాల్చి చంపాడు. విచారణను తుర్ను సెవెరిన్ అనే ఊరికి మార్చారు. 1925 మే నెలలో జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలిపెట్టింది. ఆ జూన్‌లో ఫొక్షానిలో జరిగిన అతని పెళ్లికి జనం వేల సంఖ్యలో తిరనాళ్లకు వచ్చినట్టు వచ్చారు. మైకేల్ దేవదూత లెజియన్ పేరుతో సంస్థ పెట్టింది మాత్రం 1927 జూన్ 24న.

చూశావా, అమ్మా, ఇటుకలూ తూటాలూ ఒకే ఏడాదివి, ఒకే చేతులవి, సంస్థ పుట్టకముందువి. సేవకు ఒక అధ్యాయం, హింసకు ఒక అధ్యాయం అని విడదీసిన మరుక్షణం నువ్వు ఆ చేతులను రెండు జతలు చేస్తున్నావు. రెండింటినీ ఒకే పేరాలో, వీలైతే ఒకే వాక్యంలో పెట్టి రాయి. అది చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది, ఉండాలి కూడా.

ఇక ఆ కుర్రాళ్లు అటు ఎందుకు వెళ్లారన్న ప్రశ్నకు నువ్వు నాలుగు వాక్యాలు కేటాయించావు. అక్కడ ఎక్కువసేపు ఆగు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రుమేనియా విస్తీర్ణమూ జనాభా రెండూ రెట్టింపు దాకా పెరిగాయి. ట్రాన్సిల్వేనియా, బెస్సరేబియా, బుకొవినా వచ్చి కలిశాయి, వాటితోపాటు హంగేరియన్లు, జర్మన్లు, యూదులు, ఉక్రేనియన్లు కొత్త పౌరులయ్యారు. పల్లెల నుంచి మొదటిసారిగా డిగ్రీ చదువులకు వచ్చిన రైతుబిడ్డలతో విశ్వవిద్యాలయాలు కిక్కిరిశాయి. హాస్టళ్లు చాలలేదు, చదువు ముగించినవాళ్లందరికీ ప్రభుత్వ ఉద్యోగాలు లేవు, 1929 తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో ఉన్న ఉద్యోగుల జీతాలే కోతపడ్డాయి. సాయంత్రం ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల ముందు నిలబడే మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల పిల్లలను నువ్వు రోజూ చూస్తున్నావు. అమ్మానాన్నల చెమటతో డిగ్రీ పూర్తిచేసి, నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూసేవాడి మనసులో ఏముంటుందో నీకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ తెలిసినదాన్ని యాష్ విద్యార్థిని అర్థం చేసుకోవడానికి వాడుకో. ఆ బాధ నిజమైనది. ఆ బాధకు ఎదుటి బల్ల మీద కూర్చున్న యూదు సహాధ్యాయే కారణమని ఏ. సి. కూజా వంటి రాజకీయార్థశాస్త్ర ఆచార్యుడు తరగతి గదిలోనూ బయటా బోధించాడు, ఆ బోధన అబద్ధం. నిజమైన బాధ, అబద్ధపు కారణం, ఈ రెంటినీ జతచేసిన పెద్దమనుషులు, ఈ మూడూ నీ వ్యాసంలో స్పష్టంగా కనిపించాలి. ఇప్పుడు మొదటిది మసకగా ఉంది, ఆ పెద్దమనుషులు అసలు లేరు.

యువకుల ఆగ్రహమంటేనే ప్రమాదమని నీ చిత్తుప్రతిలో ఒకచోట ధ్వనించింది, అది తీసెయ్యి. ఈ ఊరిలోనే 1966లో ఉక్కు కర్మాగారం కోసం విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, నవంబర్ 1న ఇక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. వాళ్లు అడిగింది ఒక ఫ్యాక్టరీ. దాన్ని ఇవ్వొచ్చు, కాదనొచ్చు, చర్చించొచ్చు, చివరికి కట్టారు కూడా. లెజియన్ అడిగింది అలాంటిది కాదు. దేశానికి కార్యక్రమాలు కొరవడలేదు, మనుషులే కొరవడ్డారని కొద్రెయాను వాదించాడు. అందుకే ‘కొత్త మనిషి’ని తయారుచేస్తామన్నాడు. జాతి అంటే అతని దృష్టిలో ఇప్పుడు బతికున్నవాళ్లు మాత్రమే కాదు, చనిపోయినవాళ్లూ పుట్టబోయేవాళ్లూ కలిసినది, దాని అంతిమ లక్ష్యం క్రీస్తులో పునరుత్థానం. అంత పెద్ద ఆత్మకు ప్రతినిధిగా ఒక నాయకుడు నిలబడితే, ఓట్లు వేసే మామూలు మనుషుల మాట ఇక చెల్లదు. పార్లమెంటు మీద వాళ్లకున్న ఏవగింపుకు మూలం అక్కడుంది. ఏ కోరిక తీరినా ఆగని ఉద్యమం అది. ఆగిపోవడానికి వీలైన కోరికేదీ అందులో లేదు. సిద్ధాంతం గురించి రాసేటప్పుడు ఈ సంగతి మీద నిలబడు, నాజీలతో పోలికల పట్టిక వెయ్యకు. జర్మనీ ఉద్యమం చర్చిని లొంగదీసుకోవాలని చూసింది. ఇక్కడ మాత్రం ఆర్థడాక్స్ క్రైస్తవ పూజారులు, క్రైస్తవ దైవశాస్త్ర విద్యార్థులు పెద్దసంఖ్యలో చొక్కా తొడిగి వరసలో నడిచారు. ఆ తేడా ఒక పేజీ ఇవ్వదగ్గది.

సంస్థ నిర్మాణం గురించి నువ్వు రాసింది సరిగ్గానే ఉంది. ముగ్గురి నుంచి పదముగ్గురి దాకా ఉండే ‘గూడు’, క్రమశిక్షణ, శ్రమ, మౌనం, విద్య, పరస్పర సహాయం, గౌరవం అనే ఆరు నియమాలు, బడిపిల్లలకు శిలువ సోదరత్వాలు, మెడలో స్వదేశపు మట్టి సంచి, చనిపోయినవాడి పేరు పిలిస్తే అందరూ ‘హాజర్’ అనడం, ఇవన్నీ పాఠకుడికి కావాలి. కానీ ఆ పేజీల్లో నీ గద్యం కూడా కవాతు చెయ్యడం మొదలుపెట్టింది. ‘జ్వలించే కళ్లు’, ‘మృత్యువును వరించిన యౌవనం’ వంటివి వాళ్ల కరపత్రాల్లో ఉండదగిన మాటలు, నీ వాక్యంలో ఉండకూడదు. ఆకర్షణను దాచమని నేను అనడం లేదు. శిబిరంలో ధనికుడి కొడుకూ కూలివాడి కొడుకూ పక్కపక్కన పార పట్టారన్నది నిజం, చర్చిలకు మరమ్మతులు చేశారన్నది నిజం. ఆ నిజాలను సాదా మాటల్లో, రోడ్లు భవనాల శాఖ నివేదిక రాసినంత నిదానంగా రాయి. ఆ సోదరత్వం లోపల ఏముందో చెప్పడానికి మిహాయ్ స్తెలెస్కు ఉదంతం ఒక్కటి చాలు. నాయకుణ్ణి విమర్శించి బయటికి వెళ్లిన ఆ యువకుణ్ణి 1936 జూలైలో, ఆస్పత్రి మంచం మీద ఉండగా, పదిమంది పాత సహచరులు వెళ్లి చంపారు. నీ వ్యాసంలో అతని పేరే లేదు.

రాజ్యం చేసిన హింస విషయంలో నువ్వు తడబడ్డావు. 1933 డిసెంబర్‌లో ప్రధాని దూకా సంస్థను నిషేధించాడు. ఆ నెల 29న సినాయా రైల్వేస్టేషన్‌లో ముగ్గురు లెజియన్ సభ్యులు ఆయన్ను కాల్చి చంపారు. 1937 ఎన్నికల్లో వాళ్ల పార్టీకి 15.58 శాతం ఓట్లు, మూడో స్థానం దక్కాయి. 1938లో రెండవ కారోల్ రాజు నియంతృత్వం పెట్టి, కొద్రెయానును జైల్లో వేయించాడు. నవంబర్ 29-30 రాత్రి అతన్నీ, దూకా, స్తెలెస్కుల హంతకులు పదముగ్గురినీ దారిలో ఉరిబిగించి చంపి, పారిపోతుంటే కాల్చామని ప్రకటించారు. ఈ వాక్యం తెలుగు పాఠకులకు వివరించక్కర్లేదు. శ్రీకాకుళం కొండల నుంచి ఆ ప్రకటన మనం ఎన్నోసార్లు విన్నాం. నువ్వేమో, కొద్రెయాను మీద జాలి పుడుతుందన్న భయంతో ఆ రాత్రిని ఒక ముక్కలో దాటేశావు. దాటకు. చట్టం బయట జరిగిన హత్యను హత్య అనే రాయి. మరుసటి ఏడాది ప్రధాని కలినెస్కును వాళ్లు చంపాక, ప్రభుత్వం విచారణ లేకుండా వందల మందిని చంపి, శవాలను కూడళ్లలో పడేసిన సంగతీ రాయి. చచ్చిపోయిన నాయకుడు బతికున్నప్పటికంటే బలమైన ఆయుధమయ్యాడని చెప్పడానికి అదే ఆధారం. హతుడు కావడం వల్ల అతని సిద్ధాంతానికి పవిత్రత రాదు. నువ్వు రెండు సంగతులూ పూర్తిగా చెబితే ఆ తేడా పాఠకుడికి దానంతట అదే బోధపడుతుంది.

మేధావుల అధ్యాయం నాకు అన్నిటికంటే నచ్చింది, నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది కూడా. 1928లో కలకత్తాకు వచ్చి సురేంద్రనాథ్ దాస్‌గుప్తా దగ్గర తత్వశాస్త్రం చదివి, యోగం మీద పరిశోధన చేసిన మిర్చా ఎలియాడె, 1937 నాటికి లెజియన్‌ను సమర్థిస్తూ పత్రికల్లో రాశాడు. తర్వాత చికాగో విశ్వవిద్యాలయంలో మతచరిత్రకు పెద్దదిక్కయ్యాడు. మన దేశం గురించి ప్రేమతో రాసినవాడన్న మొహమాటం నీ వాక్యాల్లో కనిపిస్తోంది. విదేశీయుడు మన ఉపనిషత్తులు చదివాడంటే పొంగిపోవడం మనకు అలవాటు. ఆ అలవాటును ఈ అధ్యాయంలోకి రానివ్వకు. ఎలియాడె పక్కన అతని మిత్రుడు మిహాయిల్ సెబాస్టియన్‌ను నిలబెట్టు. యూదుడైన ఆ రచయిత 1935 నుంచి 1944 దాకా రాసుకున్న దినచర్య 1996లోగాని రుమేనియాలో అచ్చు కాలేదు. తనతో కూర్చుని కాఫీ తాగిన స్నేహితులు ఒక్కొక్కరే ఎలా మారిపోయారో అందులో అతను రోజువారీగా రాశాడు. సిద్ధాంతాన్ని దాని ప్రవక్తల మాటల్లో ఎంత చదివినా దొరకనిది, అది ఎవరి బతుకు మీద పడిందో వాళ్ల రాతలో దొరుకుతుంది. నీ వ్యాసంలో కొద్రెయాను మాటలు పేజీపేజీకీ ఉన్నాయి, బాధితుల గొంతు ఒక్కటీ లేదు. ఆ నిష్పత్తిని తిరగెయ్యి.

అధికారంలో ఉన్న నెలలను నువ్వు క్లుప్తంగా రాసిన తీరు సరిపోతుంది. 1940 సెప్టెంబర్ 14న జనరల్ ఆంటొనెస్కు ప్రధానిగా, లెజియన్ కొత్త నాయకుడు హోరియా సీమా ఉపప్రధానిగా ప్రభుత్వం, నవంబర్‌లో కొద్రెయాను అస్థికలు తవ్వి తీసే వేళ జిలావా జైల్లో 64 మంది ఖైదీల ఊచకోత, ఆ మర్నాడే చరిత్రకారుడు నికొలాయె యోర్గా హత్య, 1941 జనవరి 21 నుంచి 23 వరకు ఆంటొనెస్కు మీద లెజియన్ తిరుగుబాటు, ఆ రోజుల్లోనే బుకారెస్టులో సుమారు 125 మంది యూదుల హత్య, ప్రార్థనాలయాల దహనం. యోర్గా దగ్గర మాత్రం ఒక వాక్యం చేర్చు. ఆయన 1910లో ఇదే కూజాతో కలిసి యూదు వ్యతిరేక జాతీయవాద పార్టీ పెట్టినవాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత తన రచనలు చదివి పెరిగిన తరం చేతిలో చనిపోయాడు. గౌరవనీయులైన పండితులు మర్యాదగా అన్న మాటలు ఎక్కడి దాకా వెళ్లాయో ఆ జీవితంలో ఉంది.

చివరగా, తిరుగుబాటు అణిగిపోవడంతో వ్యాసాన్ని ముగించకు. లెజియన్ పడిపోయిన అయిదు నెలలకు, 1941 జూన్ చివర్లో, ఉద్యమం పుట్టిన యాష్ నగరంలోనే ఆంటొనెస్కు ప్రభుత్వ సైనికులు, పోలీసులు, స్థానికులు కలిసి 13,000 మందికి పైగా యూదులను చంపారు. చాలామందిని కిటికీలు మూసిన రైలు పెట్టెల్లో కుక్కి, ఊపిరాడకుండా, నీళ్లివ్వకుండా చంపారు. సంస్థ పోయినా అది నాటిన ద్వేషానికి వేరే యజమానులు దొరికారు. 1989 తర్వాత ఆ పేరును మళ్లీ ఎత్తుకున్న గుంపులు వచ్చాయి, 2015లో రుమేనియా పార్లమెంటు లెజియన్ చిహ్నాలను, ప్రచారాన్ని పేరుపెట్టి నిషేధిస్తూ చట్టం చెయ్యవలసి వచ్చింది. ఈ భాగం కొత్తగా రాసి, సేవ, హింసల అధ్యాయాలు రెండింటినీ కలిపి తిరగరాసి పంపు. పౌర గ్రంథాలయంలో యుద్ధకాలపు యూరప్ మీద ఉన్న పుస్తకాలు ముందుగా చూసుకో. తేదీల్లో అనుమానం ఉన్నచోట అంచున పెన్సిల్‌తో గీత పెట్టు, కూర్చుని కలిసి సరిచూద్దాం.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన