అమ్మాయి బ్యాటరీల మీద రిసెర్చ్ చేస్తానంటోంది, పంపాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులే ఆధారం. మా అమ్మాయి డిగ్రీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. లిథియం మెటల్ బ్యాటరీలు, సాలిడ్ ఎలక్ట్రోలైట్లు అంటూ రిసెర్చ్‌కి వెళ్తానంటోంది. చుట్టాలేమో బీఈడీ చేయించి పెళ్లి చేసెయ్యమంటున్నారు. ఆ చదువు అన్నం పెడుతుందా?

జవాబు: పెళ్లి సంగతి మీ అమ్మాయి చెప్పాలి, చుట్టాలూ కాదు, నేనూ కాదు. చదువు సంగతి మాట్లాడుకుందాం.

ఫోన్ బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఎలక్ట్రోలైట్ అనే ఒక ద్రవం ఉంటుంది. లిథియం అయాన్లు అందులోంచే అటూ ఇటూ తిరుగుతాయి. ఆ ద్రవానికి మండే గుణం ఉంది. ఇప్పుడు ఒక ఎలక్ట్రోడ్‌గా వాడే గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్ల ఛార్జి దాచుకుంటే, అచ్చమైన లిథియం లోహం 3,860 దాచుకుంటుంది. మరి అదే వాడొచ్చు కదా అంటే, ఛార్జి చేసేటప్పుడు లిథియం నున్నగా పరుచుకోదు. సన్నటి వేళ్లలా పెరిగి అవతలి వైపుకి తగులుతుంది. అంతే, షార్ట్ సర్క్యూట్. అందుకని మధ్యలో ద్రవానికి బదులు ఒక గట్టి గోడ కావాలి, సాలిడ్ ఎలక్ట్రోలైట్ అంటే అదే. అయాన్లను పోనివ్వాలి, ఎలక్ట్రాన్లను ఆపాలి, పక్కనే ఉన్న లిథియంతో కలిసి చెడిపోకూడదు. ఈ మూడోది దగ్గరే చాలా పదార్థాలు ఆగిపోతున్నాయి.

2011లో జపాన్‌వాళ్లు చూపించిన జెర్మేనియం సల్ఫైడ్ పదార్థంలో అయాన్లు ద్రవంలో కదిలినంత జోరుగా కదులుతాయి. కానీ లిథియం తగిలితే చెడిపోతుంది. తేమ గాలి తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. చెరువు అడుగు మట్టి నల్లబడితే కుళ్లిన గుడ్ల వాసన వస్తుందే, అదే వాయువు. మీకు నేను చెప్పాలా! మన వైపు తేమకి అప్పడాలే మెత్తబడతాయి, దీన్ని దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు నింపిన పెట్టెలోనే ముట్టుకోవాలి.

ఇంకొకటి గార్నెట్ అనే పింగాణీ లాంటి పదార్థం. 2007లో జర్మనీ నుంచి వచ్చిన ఆ పేపర్ రాసిన ముగ్గురిలో ఇద్దరు మురుగన్, తంగదురై. ఇది లిథియం పక్కన బాగానే నిలబడుతుంది. అయితే పొడిని బిళ్లగా నొక్కి వెయ్యి డిగ్రీలు దాటించి కాల్చాలి. ఆ వేడికి లిథియం కొంత ఆవిరైపోతుంది కాబట్టి ముందే కాస్త ఎక్కువ తూచి కలుపుతారు. ఇంతా చేసి, కొలిమిలోంచి తీసేసరికి బిళ్ల రెండు ముక్కలైపోవచ్చు. పగలకపోయినా, కంటికి కనబడని సందుల్లోంచి లిథియం చొచ్చుకుపోతుంది. వారాల తరబడి ఇదే పని. వీడియోల్లో ఇది చూపించరు, మీ అమ్మాయికి తెలియాల్సింది ఇదే. తాడేపల్లిగూడెం నిట్ దగ్గరే కదా, అక్కడి ప్రొఫెసర్ ఎవరికైనా మెయిల్ రాసి నాలుగు రోజులు ల్యాబ్ చూసి రమ్మనండి.

ఇక డబ్బు. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ సుమారు ఐదేళ్లు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటద్దె అదనంగా ఇస్తారు. ఏడేళ్లూ మీరు ఖర్చు భరించాల్సిన చదువైతే కాదు. కాకపోతే సాలిడ్ ఎలక్ట్రోలైట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దనండి. మార్కెట్లోకి ఎప్పుడు వస్తుందో చెప్పే ధైర్యం నాకు లేదు. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (పదార్థంలో అణువుల అమరిక చూసే పద్ధతి), ఇంపెడెన్స్ (కరెంటుకి ఎంత అడ్డు తగులుతుందో చూసేది) కొలతలు చేతికొస్తే మామూలు బ్యాటరీ కంపెనీ కూడా పిలుస్తుంది. తమిళనాడు కారైకుడిలోని సెక్రి, హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ లాంటి ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో బ్యాటరీల మీద పని జరుగుతోంది. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతైనా చేసుకోవచ్చు, దానికి టెన్షన్ అక్కర్లేదు.

ఐఐటీల్లో ఎమ్మెస్సీకి దారి జామ్ పరీక్ష. పాత ప్రశ్నపత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఈ ఆదివారం ఒకటి ప్రింట్ తీయించి, మూడు గంటలు ఫోన్ పక్కన పెట్టి రాయమనండి. వందకు ఎన్ని వచ్చాయో నాకు రాయండి, ఏయే చోట్ల ప్రయత్నించాలో అప్పుడు చెప్తాను.