చలికోటు కొనాలి, పరుపు మాత్రం వద్దు: థ్రిఫ్ట్ స్టోర్లపై ఒక సందేహం

"అన్నా, ఎమ్మెస్ కోసం ఆగస్టులో మిషిగన్ వచ్చాను. వాడిన సామాను అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లలో కొంటే చాలా కలిసొస్తుందని రూమ్మేట్లు అంటున్నారు. అమ్మేమో ఎవరో తొడిగి విడిచిన బట్టలు ఒంటిమీద వేసుకోవద్దంటోంది. ఏం చేయమంటారు?"

తమ్ముడూ, అమ్మ మాట కొట్టిపారేయకు. కొన్ని వస్తువులు ఎంత అగ్గువకు వచ్చినా ముట్టుకోకూడదు, అవేంటో కింద చెప్తాను. నామోషీ అనుకుంటే మాత్రం ఆ ఆలోచన వదిలెయ్. ఇక్కడి పేరున్న థ్రిఫ్ట్ స్టోర్ల సంస్థ గుడ్‌విల్ 1902లో బోస్టన్‌లో మొదలైంది. ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టర్ ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి పాత సామాను సేకరించి, లేనివాళ్లకు వాటిని బాగుచేసే పని ఇచ్చి, అమ్మిన డబ్బుతో వాళ్లకు జీతాలిచ్చాడు. ఇప్పటికీ అక్కడ మనం పెట్టే డబ్బు ఉద్యోగ శిక్షణకు వెళ్తుంది. పైగా అన్న చొక్కా తమ్ముడు తొడుక్కుని పెరిగిన ఇళ్లే కదా మనవి.

మిషిగన్‌లో ఉన్నావు కాబట్టి ముందు చలికోటు సంగతి చూడు. మంచు పడేదాకా ఆగితే మంచివి మిగలవు. సెప్టెంబర్‌లోనే వెళ్లు. బ్రాండు తర్వాత, ముందు జిప్పు చూడు. పైనుంచి కిందికి నాలుగైదుసార్లు లాగు, ఎక్కడైనా పట్టేస్తే పక్కన పెట్టెయ్. జిప్పు మార్పించడానికి కోటు ధరకంటే ఎక్కువ కావచ్చు. లోపలి లేబుల్ మీద 'డౌన్' అని ఉంటే అందులో బాతు ఈకల నూగు ఉన్నట్టు. అరచేత్తో నొక్కి వదులు. మెల్లగా పొంగితే బాగుంది, గడ్డలు తగిలితే వెచ్చదనం పోయినట్టే. చంకల దగ్గర వాసన చూడు. నడుము కిందిదాకా వచ్చే పొడవు తీసుకో, బస్‌స్టాప్‌లో గాలి కొడుతున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. బూట్లయితే అడుగు భాగాన్ని వంచి చూడు. రబ్బరు ఎండి పగుళ్లు తేలితే వద్దు.

ఇంటర్వ్యూ సూటు కూడా ఇక్కడే దొరుకుతుంది. భుజాలు సరిపోతే చాలు, చేతుల పొడవు, నడుము టైలర్ సరిచేస్తాడు. భుజాలు కుదరకపోతే ఎంత మంచి సూటైనా వదిలెయ్.

వంటింటికి కాస్ట్ ఐరన్ పెనం వెతుకు. లాడ్జ్ లాంటి బ్రాండుది దొరికితే తుప్పు పట్టిందని వదలకు. స్టీలు పీచుతో తోమి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పల్చగా నూనె రాసి, ఓవెన్‌లో 450 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గంటసేపు బోర్లించి ఉంచు. కొన్నాళ్లు వాడితే దోసె దానంతటదే లేస్తుంది. కొనేముందు మాత్రం చదునైన చోట పెట్టి చూడు, ఊగినా పగులు కనిపించినా వద్దు. గీతలు పడ్డ నాన్‌స్టిక్ గిన్నెల జోలికి అసలు పోకు. కరెంటు వస్తువుల్ని ప్లగ్గు పెట్టి చూడనిదే కొనొద్దు. చాలా షాపుల్లో అందుకోసమే ఒక పాయింట్ ఉంటుంది, అడిగితే చూపిస్తారు.

ఇక అమ్మ భయం దగ్గరికి వద్దాం. పరుపు, గుడ్డ కప్పిన సోఫా వద్దే వద్దు. నల్లులు! ఒకసారి అపార్ట్‌మెంట్‌లోకి వస్తే వాటిని వదిలించుకోవడానికి వందల డాలర్లు వదులుతాయి, రూమ్మేట్లతో స్నేహమూ చెడుతుంది. రోడ్డు పక్కన ఉచితంగా పెట్టిన సోఫా అయినా అంతే. చెక్క బల్ల, ఇనుప కుర్చీ అయితే మూలలు, కీళ్లు టార్చి వేసి చూసి తెచ్చుకో. కొన్న బట్టల్ని గదిలో పరచకుండా కవరుతోనే లాండ్రీకి తీసుకెళ్లి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో అరగంట హై హీట్‌లో తిప్పు. ఆ వేడికి నల్లులూ వాటి గుడ్లూ చచ్చిపోతాయి.

పిల్లలున్నవాళ్లకు ఒక్క మాట. వాడిన కార్ సీటు కొనకండి. అది ప్రమాదంలో పడిందో లేదో పైకి తెలియదు, పైగా దానికి గడువు తేదీ కూడా ఉంటుంది. పక్క కమ్మీలు కిందికి జారే పాత తొట్టి మంచాల అమ్మకాన్ని అమెరికాలో 2011 జూన్‌లోనే నిషేధించారు, ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు.

ధరల సంగతి. చాలా గుడ్‌విల్ షాపుల్లో ట్యాగుల రంగును బట్టి వారానికో రంగుకు సగం ధర ఉంటుంది. ఒక్కో ప్రాంతానిది వేరే యాజమాన్యం కాబట్టి పద్ధతులు మారతాయి, లోపలికి వెళ్లగానే ఈ వారం ఏ రంగో అడుగు. స్టూడెంట్ డిస్కౌంటు ఉందా అనీ అడుగు. బల్లలు, దీపాల కోసం హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సేవాసంస్థ నడిపే పాత సామాను షాపు రీస్టోర్‌కి వెళ్లు. యూనివర్సిటీ ఊళ్లలో మే నెలలో చదువైపోయినవాళ్లు సామాను వదిలి వెళ్తారు. అప్పుడు దొరికినంత మరెప్పుడూ దొరకదు.

చివరిది, నీ వీసాకి సంబంధించింది. థ్రిఫ్ట్‌లో కొని ఆన్‌లైన్‌లో ఎక్కువకు అమ్మితే చేతిఖర్చులు వెళ్లిపోతాయని ఎవరో ఒకరు చెప్తారు. నువ్వు వాడుకున్న కోటో బల్లో అమ్ముకోవడం వేరు. లాభం కోసం వరసపెట్టి కొని అమ్మితే ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద అనుమతి లేని పని కిందికి రావచ్చు. అందరూ చేస్తున్నారంటే నమ్మకు. అలాంటి ఆలోచన ఉంటే మొదలుపెట్టకముందే మీ డీఎస్‌ఓని, అంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని అడుగు.