గింజలు పెడితే పావురాలే వస్తున్నాయా? నాకూ అదే అయింది

మీరు అడిగింది ఇది: డాబా మీద గింజలు పెట్టి మూడు వారాలైంది, పావురాలు తప్ప ఒక్క పిచ్చుకా రావడం లేదు, ఏ టైమ్‌కి ఏం పెట్టాలి అని. మాది కాకినాడ, వెనక కాస్త పెరడున్న ఇల్లు, ఐదేళ్లుగా పిట్టలకి పెడుతున్నాను. మొదటి ఏడాది అచ్చం మీరు చేస్తున్నదే చేశాను కాబట్టి ముందు అది చెప్తాను.

నూకలు తీసుకెళ్లి పిట్టగోడ మీద పోశాను. పేరుకే పిట్టగోడ అండీ, అది పావురాల గోడ. చదునుగా, వెడల్పుగా ఉన్న చోటు దొరికితే పావురం తాపీగా కూర్చుని, గింజలు అయిపోయేదాకా కదలదు, దాన్ని చూసి ఇంకో నాలుగు దిగుతాయి. మొదటి రోజు రెండొచ్చాయి, వారానికి పదిహేను, తర్వాత లెక్కపెట్టడం మానేశాను. పక్కింటి పిన్నిగారి ఏసీ డబ్బా మీదా, ఆరేసిన బట్టల మీదా అన్నీ రెట్టలే. ఆవిడకి ఆయాసం, పావురాల రెట్ట ఎండి దుమ్మై లేస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదని డాక్టర్ చెప్పారట, ఒకరోజు మెట్లెక్కి వచ్చి మరీ చెప్పారు. కోపం రాలేదు గానీ సిగ్గేసింది. పది రోజులు గింజలు పూర్తిగా ఆపేశాను. మొదట్లో అవి గోడ మీద వరసగా కూర్చుని అప్పులవాళ్లలా నావైపే చూసేవి, తర్వాత వాటి దారిన అవి పోయాయి.

ఆ సంక్రాంతికి మా అత్తగారు అమలాపురం వైపు నుంచి వస్తూ ధాన్యం కుచ్చు తెచ్చారు. మా కోనసీమ వాళ్లకి ఇది కొత్త కాదు, సార్వా కోతలప్పుడు కంకుల్ని కాడలతో సహా కోసుకొచ్చి, జడలా అల్లి, వీధరుగు మీద దూలానికో గుడి మండపానికో వేలాడదీస్తారు. (ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక పొడుగు కాడ దొరకడం లేదు, గట్టు పక్కన కాస్త కొడవలితో కోయించి ఉంచమని రైతుకి ముందే చెప్పుకోవాలి.) దాన్ని పెరటి వసారాలో కొక్కేనికి తగిలించాం. నా సమస్య తీరింది దాంతోనే. వేలాడేదీ ఊగేదీ అంటే పావురానికి పట్టు దొరకదు. పిచ్చుకకి అది ఆట. కంకిని కాళ్లతో పట్టుకుని ఊగుతూ, ఒక్కో గింజ పీకి, ముక్కుతో తిప్పి తిప్పి పొట్టు ఊడదీసి బియ్యం మింగుతుంది. కాబట్టి గింజ ఏది అన్నది తర్వాత, ముందు అది ఎలా ఉందన్నది చూడండి.

అయితే మర్నాడే వచ్చేస్తాయనుకోవద్దు. మా కుచ్చు దగ్గరికి పదకొండు రోజులు ఒక్కటీ రాలేదు, ఉడత మాత్రం రెండో రోజే వచ్చి తన వాటా తీసుకుంది. పిచ్చుకలకి కొత్త వస్తువంటే భయం. పక్కన మందార చెట్టు మీద కూర్చుని చూస్తాయి, ఎగిరిపోతాయి, మళ్లీ వస్తాయి. పన్నెండో రోజు గొంతు కింద నల్లగా ఉండే మగపిచ్చుక ఒకటి వచ్చి రెండు గింజలు తిని పారిపోయింది. ఆ వారంలోనే ఆరేడు అయ్యాయి. ఒకటి తింటుంటే చూసి మిగతావి వస్తాయి, అంతే.

ఇక టైమ్ సంగతి. రాత్రంతా ఏమీ తినకుండా ఉంటాయి కాబట్టి చిన్న పిట్టలకి తెల్లవారగానే ఆకలి. మా దగ్గర అందరికంటే ముందు కాకులు, ఇంకా మసక ఉండగానే అరుపులు మొదలు. వెలుతురు బాగా వచ్చాక పిచ్చుకలు, అంటే ఎండాకాలంలో ఐదున్నర దాటగానే, చలికాలంలో ఆరున్నరకి. అప్పటికే తిండి సిద్ధంగా ఉండాలి, ఎనిమిదింటికి లేచి పెడితే మీరు పెట్టేది పావురాలకే. ఏడు తర్వాత గోరింకలు నేల మీద నడుచుకుంటూ వస్తాయి, వాటికి గింజల కంటే మట్టిలో పురుగులూ అన్నం మెతుకులూ ఇష్టం. తొమ్మిది దాటాక సందడి తగ్గిపోతుంది. పదకొండు నుంచి మూడు దాకా ఎవరూ రారు, వచ్చినా నీళ్లకే. మళ్లీ నాలుగున్నర నుంచి చీకటి పడేలోపు రెండో విడత, రాత్రికి పొట్ట నింపుకోవాలిగా. ఎప్పుడైనా మంచి టైమ్‌లో ఉన్నట్టుండి అన్నీ గప్‌చుప్ అయిపోతే పైకి చూడండి, చుట్టుపక్కల డేగ ఉంటుంది. మొదటిసారి నేను నా కుచ్చులో ఏదో తేడా ఉందేమోనని తెగ టెన్షన్ పడ్డాను.

కాలాన్ని బట్టి కూడా మారుతుంది. నవంబరు, డిసెంబరుల్లో కోతలు జరుగుతుంటే పిచ్చుకలు పొలాల మీద ఉంటాయి, మన కుచ్చు వంక చూసేవాళ్లు తక్కువ. గూట్లో పిల్లలున్నప్పుడు కూడా అంతే, పెద్దవి గింజలు తిన్నా పిల్లల నోట్లో పెట్టేది మాత్రం ఎక్కువగా పురుగులే. అందుకే పెరట్లో వంగ మొక్కలకి మందు కొట్టడం మానేశాను, వంకాయలు సగం పుచ్చు వస్తున్నాయి, ఏం చేస్తాం.

మిగతా పిట్టలకి గింజలతో పని తక్కువ. బాగా మగ్గిన అరటిపండు చీల్చి కొమ్మకి గుచ్చితే పిగిలిపిట్ట వస్తుంది, బొప్పాయి ముక్కకి కోకిల కూడా వస్తుంది. రామచిలుకలకి నేనేమీ పెట్టక్కర్లేదు, జామచెట్టు మీద దోరకాయ ఒక్కటి మిగల్చవు, పైగా సగం కొరికి కింద పడేస్తాయి. మిరపకాయలు కూడా తింటాయి, పక్షులకి ఆ కారం తెలియదు. కాకులకి మాత్రం పొద్దున్నే ముద్ద అన్నం దూరంగా వేరే మూల పెడతాను, అది తిని వెళ్లిపోతే కుచ్చు జోలికి రావు. మిక్చరు, బిస్కెట్లు, ఉప్పేసిన అన్నం ఎవరికీ పెట్టకండి.

నీళ్లు తప్పనిసరి, ఏప్రిల్, మే నెలల్లో గింజల కంటే అవే ముఖ్యం. లోతు లేని మట్టి మూకుడు, అందులో ఒక రాయి, నీడలో. రోజూ పారబోసి తోమి నింపాలి, లేకపోతే పిట్టలు రాకముందే డెంగీ దోమలు గుడ్లు పెడతాయి. కుచ్చు వానకి తడిస్తే బూజు పడుతుంది, అది తీసి పారేయండి, ఎండబెట్టి మళ్లీ కట్టొద్దు. కింద రాలిన గింజలూ ఊకా సాయంత్రం ఊడ్చేయకపోతే మాత్రం పావురాలు కింది నుంచి మళ్లీ మొదలుపెడతాయి, ఇది నాకు రెండుసార్లు జరిగింది.

కుచ్చు దొరక్కపోతే సన్నటి ప్లాస్టిక్ సీసాకి చిన్న చిల్లులు చేసి, కూర్చోవడానికి పుల్ల గుచ్చి, అందులో కొర్రలో సజ్జలో పోసి వేలాడదీయండి. పుల్ల జానెడు కాదు, రెండంగుళాలు చాలు, పొడుగు పెడితే పావురం ఎక్కేస్తుంది. ముందు ఓ పది రోజులు గోడ మీద పోయడం ఆపండి, ఆ తర్వాత కట్టండి. అన్నట్టు మీ డాబాకి దగ్గర్లో చెట్టు గానీ గుబురు పొద గానీ ఉందో లేదో రాయలేదు మీరు, పిచ్చుక దిగే ముందు దాక్కుని చూసుకోవడానికి ఏదో ఒకటి కావాలి, లేకపోతే రెండు కుండీల్లో మందార పెట్టి ఆ పక్కనే కట్టండి.